టీచర్ చదువు, టీచర్ల విశ్వవిద్యాలయాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ పూర్తయినవాళ్లు, డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. ప్రవేశ తేదీలు, ఫీజులు ఏటా మారతాయి కాబట్టి వాటి జోలికి వెళ్లలేదు. ఎక్కడ తప్పటడుగు పడుతుందో అక్కడ మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగాం.

ఉపాధ్యాయ విద్యకే ప్రత్యేకంగా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఉన్నాయా?

ఉన్నాయి, కానీ మన దేశంలో వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. తమిళనాడు ఉపాధ్యాయ విద్యా విశ్వవిద్యాలయం 2008లో చెన్నైలో మొదలైంది. గుజరాత్ ప్రభుత్వం 2010లో గాంధీనగర్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టీచర్ ఎడ్యుకేషన్‌ను పెట్టింది. పేరులో ఇన్‌స్టిట్యూట్ అని ఉన్నా అది రాష్ట్ర విశ్వవిద్యాలయమే. ఢిల్లీ టీచర్స్ యూనివర్సిటీ 2022లో వచ్చింది. పశ్చిమ బెంగాల్‌లోనూ ఇలాంటిది ఒకటుంది.

పేర్లు ఒకేలా వినిపించినా పని తీరు వేరు. చెన్నైది ప్రధానంగా అనుబంధ విశ్వవిద్యాలయం. రాష్ట్రంలోని బి.ఎడ్. కళాశాలలకు సిలబస్ ఇవ్వడం, పరీక్షలు పెట్టడం, పట్టాలివ్వడం దాని ముఖ్యమైన పని. గాంధీనగర్‌లో విద్యార్థి క్యాంపస్‌లోనే ఉండి నాలుగేళ్ల కోర్సు చదువుతాడు. అందుకని ‘టీచర్ల యూనివర్సిటీలో సీటొచ్చింది’ అని ఎవరైనా చెబితే, క్యాంపస్‌లోనా, అనుబంధ కళాశాలలోనా అన్నది ముందు తెలుసుకోవాలి. అనుబంధ కళాశాల అయితే పట్టా మీద విశ్వవిద్యాలయం పేరుంటుంది గానీ రెండేళ్లూ మీకు పాఠం చెప్పేది ఆ కళాశాల అధ్యాపకులే.

మరి మామూలు విశ్వవిద్యాలయంలో బి.ఎడ్. చేస్తే తక్కువా?

కాదు. పట్టా విలువ జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్‌సీటీఈ గుర్తింపును బట్టి ఉంటుంది. 1993లో చేసిన చట్టం ప్రకారం 1995 నుంచి దేశమంతటా ఈ కోర్సుల నియమాలు నిర్ణయించేది ఆ మండలే. ప్రత్యేక విశ్వవిద్యాలయానికి ఉండే అసలు బలం వేరు. బోధనా పద్ధతులు, మూల్యాంకనం, బాలల మనోవిజ్ఞానం వంటి వాటికే అంకితమైన అధ్యాపకులు, గ్రంథాలయం, ప్రయోగ పాఠశాల ఒకేచోట ఉండే అవకాశం. అయితే ఒక లోటు కూడా ఉంది. పక్కనే భౌతిక శాస్త్రం, చరిత్ర, సాహిత్యం విభాగాలు లేని చోట టీచర్ విద్యార్థికి తన సబ్జెక్టు మీద పట్టు పలచబడుతుంది. 2020 జాతీయ విద్యా విధానం ఉపాధ్యాయ విద్యను బహుళ విభాగాలున్న సంస్థల్లోకి తేవాలని పట్టుబట్టడానికి ఒక కారణం ఇదే.

మైసూరు ఆర్‌ఐఈ గురించి వింటుంటాం. అదేమిటి?

ప్రాంతీయ విద్యా సంస్థ. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి, అంటే ఎన్‌సీఈఆర్‌టీ నడుపుతుంది, 1963లో మొదలైంది. దక్షిణాది రాష్ట్రాలకు, పుదుచ్చేరి, లక్షద్వీప్‌లకు అదే కేంద్రం కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల విద్యార్థులూ దాని పరిధిలోకే వస్తారు. ఇలాంటివే అజ్మీర్, భోపాల్, భువనేశ్వర్‌లలో ఉన్నాయి. డిగ్రీనీ బి.ఎడ్.నీ కలిపి నాలుగేళ్లలో చదివించే పద్ధతి ఈ సంస్థల్లో 1960ల నుంచే నడుస్తోంది. ఇప్పుడు కొత్తగా వినిపిస్తున్న సమీకృత కోర్సుకు పాత పునాది ఇక్కడే ఉంది. క్యాంపస్ ఆవరణలోనే ప్రదర్శన పాఠశాల ఉండటం వీటి ప్రత్యేకత. ఉదయం తరగతిలో చదివిన పద్ధతి అసలు పిల్లల ముందు ఎలా నిలబడుతుందో అదే ఆవరణలో చూడవచ్చు. చాలా కళాశాలలకు ఈ ఒక్క వసతి లేకే శిక్షణ కాగితాల మీద నడుస్తుంది.

ఇంటర్ తర్వాత నేరుగా టీచర్ కోర్సులో చేరాలంటే?

రెండు దారులు. మొదటిది రెండేళ్ల డి.ఎల్.ఎడ్. మన దగ్గర ఇప్పటికీ డీఎడ్ అనే పిలుస్తారు. ప్రవేశం డీసెట్ అనే పరీక్ష ద్వారా, ప్రభుత్వ సీట్లు డైట్లలో, అంటే జిల్లా విద్యా శిక్షణ సంస్థల్లో. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్ (ఎస్‌జీటీ) పోస్టుకు ఇది తిన్నని దారి.

రెండోది నాలుగేళ్ల సమీకృత ఉపాధ్యాయ విద్యా కోర్సు, ఐటెప్. బి.ఎ., బి.ఎస్సీ., బి.కాం. డిగ్రీల్లో ఒకదానితో బి.ఎడ్. కలిసి ఉంటుంది. 2023లో ప్రయోగాత్మకంగా మొదలైంది. వరంగల్ ఎన్‌ఐటీ, హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, తిరుపతి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఈ కోర్సు నడిపేవాటిలో ఉన్నాయి. ప్రవేశ పరీక్ష ఎన్‌సెట్. జాతీయ పరీక్షల సంస్థ (ఎన్‌టీఏ) నిర్వహిస్తుంది, తెలుగుతో కలిపి 13 భాషల్లో రాయవచ్చు. రెండు భాషలు, మూడు డొమైన్ సబ్జెక్టులు (మీరు ఎంచుకునే పాఠ్య విషయాలు), జనరల్ టెస్ట్, టీచింగ్ ఆప్టిట్యూడ్ ఉంటాయి.

ఇక్కడే చాలామంది జారిపడతారు. దరఖాస్తులో డొమైన్ సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు ‘ఏవి తేలికో అవి’ అని పెట్టేస్తారు. తర్వాత తాము కోరుకున్న సంస్థ అడిగే సబ్జెక్టు అందులో లేదని తెలుస్తుంది. మంచి స్కోరు చేతిలో ఉండీ పనికిరాదు. ముందు సంస్థలు చూసుకోండి, వాళ్లు అడిగే సబ్జెక్టులు రాసుకోండి, ఆ తర్వాతే దరఖాస్తు తెరవండి.

బి.ఎడ్. చేసి ఎస్‌జీటీ పోస్టు కొట్టవచ్చా?

కుదరదు. 2018లో ఎన్‌సీటీఈ ఆ అవకాశం ఇచ్చింది గానీ 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ నోటిఫికేషన్‌ను కొట్టేసిన హైకోర్టు తీర్పును సమర్థించింది. చిన్నపిల్లలకు అక్షరం, అంకె నేర్పడానికి కావలసిన శిక్షణ బి.ఎడ్.లో లేదన్నది అందులోని సారాంశం. ఆ తీర్పుకు ముందే ఉద్యోగంలో చేరినవారి కోసం ఆరు నెలల బ్రిడ్జ్ కోర్సు ఏర్పాటైంది. కొత్తగా చేరాలనుకునేవారికి అది దారి కాదు. ప్రాథమిక తరగతులు చెప్పాలనుంటే డీఎడ్ చేయండి. లేదా ఐటెప్‌లో ఆ దశకు ఉద్దేశించిన కోర్సు చూసుకోండి.

బి.ఎడ్.లో చేరడానికి అర్హత ఎంత?

ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం డిగ్రీలో గానీ పీజీలో గానీ 50 శాతం. బి.టెక్. వాళ్లకు 55 శాతం. రిజర్వేషన్ వర్గాలకు ప్రభుత్వ నిబంధనల మేరకు సడలింపు ఉంటుంది. ప్రవేశం ఎడ్‌సెట్ ద్వారా. రెండు రాష్ట్రాల్లోనూ 150 ప్రశ్నలు, రెండు గంటలు. కానీ ప్రశ్నపత్రం అమరిక రెండు చోట్లా ఒకటి కాదు. అందుకే ఒక రాష్ట్రం పాత ప్రశ్నపత్రాలతో ఇంకో రాష్ట్రం పరీక్షకు తయారవడం తెలివితక్కువ పని.

మెథడాలజీ ఎంపికలో ఏం చూడాలి?

డిగ్రీలో ఏ సబ్జెక్టు చదివారో, బి.ఎడ్.లో ఏ మెథడ్ (ఏ సబ్జెక్టు బోధనా పద్ధతి) తీసుకున్నారో, రేపు డీఎస్సీలో, అంటే టీచర్ పోస్టుల భర్తీలో ఏ పోస్టుకు దరఖాస్తు పెడతారో, ఈ మూడూ ఒకే గీత మీద ఉండాలి. స్కూల్ అసిస్టెంట్ గణితం పోస్టుకు డిగ్రీలో గణితం, బి.ఎడ్.లో గణితం మెథడ్ రెండూ కావాలి. కౌన్సెలింగ్‌లో ‘ఈ కాలేజీలో సోషల్‌లోనే సీటుంది, తీసుకుందాం’ అని సర్దుకున్నవాళ్లు ఐదేళ్ల తర్వాత సర్టిఫికెట్ల పరిశీలనలో వెనక్కి వస్తారు. అప్పటికి ఎవరూ ఏమీ చేయలేరు. వెబ్ ఆప్షన్లు పెట్టేముందు గత డీఎస్సీ నోటిఫికేషన్‌లో మీకు కావలసిన పోస్టు అర్హతల పేరా తీసి, మీ డిగ్రీ మెమోతో పక్కపక్కన పెట్టి చదవండి. పది నిమిషాల పని.

కళాశాల అసలైనదో కాదో ఎలా తెలుస్తుంది?

గోడ మీది బోర్డు చూసి కాదు. ఎన్‌సీటీఈ గుర్తింపు ఉత్తర్వు అడగండి. మన రాష్ట్రాలు దక్షిణ ప్రాంతీయ కమిటీ కిందికి వస్తాయి. ఉత్తర్వులో నాలుగు విషయాలు చూడాలి: కోర్సు పేరు, ఎన్ని యూనిట్లు, ఏ విద్యా సంవత్సరం నుంచి, ఏ చిరునామాకు. బి.ఎడ్.లో ఒక యూనిట్ అంటే 50 మంది. ఉత్తర్వులో ఒక యూనిట్ ఉండి లోపల 100 మందిని చేర్చుకుంటుంటే మిగతా 50 మంది సంగతి ఏమిటో మీరే ఊహించుకోండి. డి.ఎల్.ఎడ్.కు గుర్తింపు ఉన్నంత మాత్రాన బి.ఎడ్.కు ఉన్నట్టు కాదు.

గుర్తింపు పోయిన తర్వాత చేరితే ఏమవుతుంది? చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం ఆ అర్హత ప్రభుత్వ ఉద్యోగానికి చెల్లదు. రద్దు ఉత్తర్వు అందిన వెంటనే కాక, దాని తర్వాతి విద్యా సంవత్సరం చివర నుంచి అమలవుతుంది. అందువల్ల అప్పటికే చదువుతున్నవారికి కొంత ఊపిరి దొరుకుతుంది, కొత్తవారికి దొరకదు.

బి.ఎడ్.లో ఏటా వంద మందిని చేర్చుకునే కళాశాలకు ప్రిన్సిపాల్‌తో కలిపి 16 మంది పూర్తికాల అధ్యాపకులు ఉండాలని నిబంధన. ఆ జాబితా అడగండి. తర్వాత స్టాఫ్ రూమ్‌లోకి తొంగి చూడండి. జాబితాకూ గదికీ పొంతన లేకపోతే ఆ కళాశాల గురించి మీకు కావలసిన సమాచారం వచ్చేసినట్టే. అలాగే ఇంటర్న్‌షిప్‌కు ఏ పాఠశాలలకు పంపుతారో, అక్కడ ఎవరు పర్యవేక్షిస్తారో అడగండి. తడబడకుండా జవాబు చెప్పే కళాశాల మంచిదని మా లెక్క. ప్రభుత్వ రంగంలో హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్, రాజమహేంద్రవరం, నెల్లూరుల్లోని ఐఏఎస్‌ఈలు (ప్రభుత్వ టీచర్ శిక్షణ కళాశాలలు) పాతవి, మొదటి ఆప్షన్లలో పెట్టదగ్గవి.

‘కాలేజీకి రానక్కర్లేదు, పరీక్షలకొస్తే చాలు’ అంటున్నారు. చేరవచ్చా?

వద్దు. తరగతులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు తప్పనిసరి. ఏడాదికి కనీసం 200 పనిదినాలు, వారానికి కనీసం 36 గంటలు నడవాలి. నాన్ అటెండింగ్ పేరుతో అదనంగా వసూలు చేసే డబ్బుకు రసీదు ఉండదు. అదే సమయంలో మీరు మరోచోట పూర్తికాలం ఉద్యోగం చేసినట్టు పీఎఫ్ ఖాతాలోనో, అనుభవ ధ్రువపత్రంలోనో కనిపిస్తే రెగ్యులర్ బి.ఎడ్. మీద ప్రశ్న లేస్తుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. నలభై మంది పిల్లల ముందు మొదటిసారి నిలబడి తడబడాల్సింది శిక్షణలో. అక్కడ తడబడితే సరిదిద్దేవాళ్లుంటారు.

మైక్రోటీచింగ్ అంటే ఏమిటి? పిల్లల్లేకుండా పాఠం చెప్పడం నాటకంలా ఉంటుంది కదా?

నాటకమే, రిహార్సల్ అనుకోండి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో 1960ల్లో పుట్టిన పద్ధతి ఇది. పాఠం మొత్తం కాదు, ఒక్క నైపుణ్యం తీసుకుంటారు. ప్రశ్నించడం, ఉదాహరణతో వివరించడం, పునర్బలనం (మెచ్చుకుని ప్రోత్సహించడం), నల్లబల్ల వాడకం, ఇలా. మన దేశంలో ఎన్‌సీఈఆర్‌టీ నమూనా ప్రకారం ఒక చక్రం 36 నిమిషాలు: 6 నిమిషాలు బోధన, 6 నిమిషాలు ప్రతిపుష్టి (ఎలా చెప్పారన్న అభిప్రాయం), 12 నిమిషాలు మళ్లీ పథకం, 6 నిమిషాలు పునర్బోధన, 6 నిమిషాలు రెండో ప్రతిపుష్టి. విద్యార్థుల పాత్రలో తోటి ఛాత్రోపాధ్యాయులే, అంటే మీతో శిక్షణ పొందుతున్నవాళ్లే ఐదుగురో పదిమందో కూర్చుంటారు.

ఎక్కడ చెడుతుంది? రెండు చోట్ల. ఒకటి, తోటివాళ్లు మొహమాటానికి ‘చాలా బాగా చెప్పారు’ అంటారు. దానికి విరుగుడు లెక్కపెట్టడం. ఆరు నిమిషాల్లో ఎన్ని ప్రశ్నలు అడిగారు, వాటిలో అవును-కాదు ప్రశ్నలెన్ని, ఎవరి పేరూ పిలవకుండా గాల్లోకి వదిలినవెన్ని అని గీతలు పెట్టమనండి. అంకెకు మొహమాటం ఉండదు. రెండు, సమయం లేదని పునర్బోధన వదిలేస్తారు. అది వదిలేస్తే చేసిందంతా ఉత్త ప్రదర్శన.

ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారో కూడా చూడమనండి. అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లో తరగతి గదుల్లో చేసిన పరిశోధనలో ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, తెలియదనడం తగ్గింది. మూడు సెకన్లంటే చెప్పడానికి తేలిక. తరగతిలో నిలబడినప్పుడు ఆ నిశ్శబ్దం యుగంలా ఉంటుంది. లోపల అంకెలు లెక్కపెట్టుకోవడం తప్ప వేరే మార్గం లేదు.

ఇంటర్న్‌షిప్ ఎన్ని వారాలు? అక్కడ ఏం చేయాలి?

మొత్తం 20 వారాలు. మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. మొదటి నాలుగు వారాలు ప్రధానంగా చూడటానికి. టీచర్ పాఠం ఎలా మొదలుపెడుతున్నారు, ఏ పిల్లలు పీరియడంతా నోరు విప్పలేదు, హోంవర్క్ ఎలా దిద్దుతున్నారు అన్నది రాసుకోవాలి. ‘తరగతి బాగా జరిగింది’ అని రాస్తే అది పరిశీలన కాదు. ‘42 మందిలో 9 మంది జవాబులు చెప్పారు, వారిలో 7 మంది ముందు రెండు బెంచీల వాళ్లు’ అని రాస్తే పరిశీలన.

రెండో ఏడాది పదహారు వారాల్లో పాఠాలు చెప్పడంతోపాటు అసెంబ్లీ, హాజరు పట్టీ, పరీక్ష పేపరు తయారీ, బ్లూప్రింట్, దిద్దుబాటు, తల్లిదండ్రుల సమావేశం అన్నీ వస్తాయి. పాఠశాలకు వెళ్లిన మొదటిరోజే ప్రధానోపాధ్యాయుణ్ని కలిసి మూడు కాగితాలు అడిగి తెచ్చుకోండి: టైంటేబుల్, మీ తరగతికి ఇప్పటివరకు అయిన పాఠాల జాబితా, సెలవుల పట్టిక. ఇవి లేకుండా రాసిన పాఠ్య పథకాలు ఇప్పటికే చెప్పేసిన పాఠాల మీదో, పరీక్షల వారంలోనో పడతాయి. సగం రికార్డు మళ్లీ రాయాల్సి వస్తుంది.

కొన్ని పాఠశాలలు ఛాత్రోపాధ్యాయుల్ని ఖాళీ పీరియడ్లు నింపే మనుషుల్లా వాడుకుంటాయి. మీ సబ్జెక్టు కాని తరగతుల్లో రోజుకు నాలుగైదు పీరియడ్లు కూర్చోబెడితే ఆ వివరం రోజువారీగా రాసి మీ పర్యవేక్షకుడికి చూపించండి. మర్యాదగా, కాగితం మీద. నోటి ఫిర్యాదు గొడవగా మారుతుంది.

పీరియడ్ ప్లాన్‌లో మార్కులు ఎక్కడ పోతాయి?

లక్ష్యాల దగ్గర. ‘విద్యార్థి కిరణజన్య సంయోగక్రియను అర్థం చేసుకుంటాడు’ అని రాస్తారు. అర్థమైందని మీకెలా తెలుస్తుంది? ‘ఆకును చీకట్లో ఉంచితే పిండిపదార్థ పరీక్ష ఫలితం ఎందుకు మారుతుందో రెండు వాక్యాల్లో చెబుతాడు’ అంటే కొలవవచ్చు. చివరి మూల్యాంకన ప్రశ్న ఈ వాక్యంలోంచే పుడుతుంది. లక్ష్యం ఒకచోట, చివరి ప్రశ్న ఇంకోచోట ఉన్న పథకాన్ని అనుభవమున్న పరీక్షకుడు అరనిమిషంలో పట్టేస్తాడు.

రెండో తప్పు ఉన్ముఖీకరణ, అంటే పిల్లల్ని పాఠంలోకి తీసుకెళ్లే తొలి భాగం. ‘మీ ఇంట్లో ఏముంటాయి? చెట్లున్నాయా? చెట్లకు ఏముంటాయి?’ అంటూ పాఠం పేరు పిల్లల నోట రప్పించే ఊహాగానాల ఆట మన దగ్గర స్థిరపడిపోయింది. పది నిమిషాలు అక్కడే ఖర్చు. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో ఐదు నిమిషాలు పూర్వజ్ఞానానికి చాలు. పాతిక నిమిషాలు కొత్త విషయానికి, పది పిల్లలు స్వయంగా చేయడానికి, ఐదు సరిచూడటానికి ఉంచుకోండి. పిల్లలు చేసే ఆ పది నిమిషాలనే అందరూ మొదట కోసేస్తారు. కోయాల్సింది మీ ఉపన్యాసాన్ని.

సీనియర్ల రికార్డు చూసి రాయడం సంగతి చెప్పనక్కర్లేదు. పాఠ్యపుస్తకాలు మారాక కూడా పాత పాఠం పేర్లతో రికార్డులు వస్తుంటాయి.

టీఎల్ఎం (బోధనాభ్యసన సామగ్రి) మీద ఎంత ఖర్చు పెట్టాలి?

చాలా తక్కువ. థర్మోకోల్ నమూనాలు వైవా బల్ల మీద మెరుస్తాయి గానీ తరగతిలో వెనక బెంచీకి కనిపించవు. చార్టు మీద అక్షరం కనీసం అంగుళం ఎత్తుండాలి. రాశాక తరగతి చివరికి నడిచి వెళ్లి చదివి చూడండి. పసుపు, లేతాకుపచ్చ రంగులు తెల్ల చార్టు మీద దూరానికి మాయమవుతాయి. ఒక చార్టుకు ఒక్క భావన చాలు. పిల్లలు చేత్తో పట్టుకునే పుల్లలు, గింజలు, మూతలు, మడిచిన కాగితం ఖరీదైన నమూనా కన్నా ఎక్కువ పని చేస్తాయి.

దూరవిద్యలో బి.ఎడ్. చెల్లుతుందా?

చెల్లుతుంది, కానీ అందరికీ కాదు. ప్రాథమిక స్థాయిలో పనిచేస్తున్న శిక్షణ పొందిన టీచర్లు, లేదా డీఎడ్ వంటి గుర్తింపు పొందిన ఉపాధ్యాయ కోర్సును రెగ్యులర్‌గా పూర్తిచేసినవాళ్లు మాత్రమే అర్హులు. డిగ్రీ ఒక్కటే ఉన్నవారికి దూరవిద్య బి.ఎడ్. ఇస్తామని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. స్పెషల్ ఎడ్యుకేషన్ బి.ఎడ్. దారి వేరు. దానికి భారతీయ పునరావాస మండలి గుర్తింపు, పూర్తయ్యాక ఆ మండలి వద్ద నమోదు అవసరం.

బి.ఎడ్. మళ్లీ ఒక ఏడాదే అవుతుందట కదా?

నాలుగేళ్ల డిగ్రీ లేదా పీజీ ఉన్నవారికి ఏడాది బి.ఎడ్. అనే ప్రతిపాదనతో 2025 ఫిబ్రవరిలో ముసాయిదా వచ్చింది. ముసాయిదా వేరు, గెజిట్ వేరు. గుర్తింపు ఉత్తర్వులో ఏడాది కోర్సు అని రాసి చూపించని చోట దాని పేరుతో డబ్బు కట్టకండి.

మైసూరులోనో గాంధీనగర్‌లోనో చదివితే ఇక్కడ డీఎస్సీలో నాన్ లోకల్ అవుతానా?

కారు. రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం స్థానికతను తేల్చేది పాఠశాల చదువు. బి.ఎడ్. ఎక్కడ చేశారన్నదానికి దానితో సంబంధం లేదు. స్టడీ సర్టిఫికెట్లు మాత్రం ఇప్పుడే తీసి పెట్టుకోండి. మూతపడిన ప్రైవేటు బడుల రికార్డు కోసం నోటిఫికేషన్ వచ్చాక మండల విద్యాధికారి (ఎంఈఓ) కార్యాలయం చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఉపాధ్యాయ అర్హత పరీక్ష, అంటే టెట్ ఎప్పుడు రాయాలి?

అవకాశం రాగానే. కోర్సు చివరి దశలో ఉన్నవారిని అనుమతిస్తారా అన్నది ఆ నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి. ఒకటి నుంచి ఐదు తరగతులకు పేపర్ 1, ఆరు నుంచి ఎనిమిదికి పేపర్ 2. ఒక్కోటి 150 మార్కులు, రెండున్నర గంటలు. మన రాష్ట్రాల్లో జనరల్‌కు 60 శాతం అంటే 90 మార్కులు, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60. ఒకసారి వస్తే జీవితకాలం చెల్లుతుంది. డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి పాసైనా మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయడం మామూలే.

పాత టీచర్లకూ ఇది ఇప్పుడు తప్పదు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, పదవీ విరమణకు ఐదేళ్లకు మించి ఉన్న ఉపాధ్యాయులు రెండేళ్లలో టెట్ పాసవ్వాలని చెప్పింది. ఐదేళ్లలోపు ఉన్నవారు కొనసాగవచ్చు గానీ పదోన్నతి కావాలంటే వారికీ టెట్ కావాలి.

కోర్సు అయ్యాక ఏ కాగితాలు సరిచూసుకోవాలి?

మార్కుల మెమోలో మెథడాలజీ పేరు ఉందో లేదో మొట్టమొదట చూడండి. కొన్నిసార్లు కోడ్ మాత్రమే ఉంటుంది. అలాంటప్పుడు కళాశాల నుంచి మెథడ్ ధ్రువపత్రం తీసుకోండి. పదో తరగతి మెమోలోని పేరు, ఇంటిపేరు ఎటువైపు ఉందన్నదానితో సహా, బి.ఎడ్. మెమోతో సరిపోవాలి. ఇంటర్న్‌షిప్ ధ్రువపత్రం మీద పాఠశాల ముద్ర, తేదీలు ఉండాలి. కళాశాల గుర్తింపు ఉత్తర్వు నకలు కూడా ఒకటి దాచుకోండి. కళాశాల మూతపడితే దాన్ని మళ్లీ సంపాదించడానికి నెలలు పడుతుంది.